వైద్యము ఒక్కరి పని కాదు – పాఠము ఒక్కరి సొత్తు కాదు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



ఏటేటా ఈ సభలో పిల్లల చదువుల గురించి, పేదింటి పెళ్ళిళ్ళ గురించి మాట్లాడుకుంటాము. ఈసారి ఆరోగ్యము గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మేము డాక్టర్లము కాము. రోగానికి మందు చెప్పే అర్హత మాకు లేదు. మేము మనవి చేయదలచుకున్నది ఒక్కటే. వైద్యము నలుగురు కలిసి చేసే పని. ఆ నలుగురి దగ్గరా ఒకే పాఠము ఉండాలి. ఆ పాఠము మన ఇంటి గడప దాటి లోపలికి రావాలి.

ఒక కాన్పునే తీసుకోండి. పిల్ల నెల తప్పినదని మొదట పేరు రాసుకునేది ఆశా అక్క. టీకా వేసేది నర్సమ్మ. గుడ్లు, పాలు, తిండి చూసేది అంగన్‌వాడీ టీచరు. రక్తము పరీక్ష చేసేది ల్యాబులో ఉండే మనిషి. కాన్పు చేసేది పెద్ద దవాఖానలో డాక్టరు. అర్ధరాత్రి తీసుకుపోయేది 108 బండి. అది మన రాష్ట్రాలలో 2005లో మొదలైనది. ఇంతమంది ఉన్నారు గదా అనుకుంటాము. కాని వీళ్ళందరి కన్నా ఎక్కువ సేపు ఆ పిల్ల పక్కన ఉండేది ఎవరు? అత్త, అమ్మ, నానీ, ఆడబిడ్డ. నర్సమ్మ ఐరన్ మాత్ర మింగమంటుంది. ఇంట్లో పెద్దామె "బిడ్డ నల్లగ పుడ్తది, వద్దు" అంటుంది. మధ్యలో నలిగేది ఆ పిల్ల. పెద్దామెది చెడ్డ బుద్ధి కాదు. ఆమెకు ఆ పాఠము ఎవ్వరూ చెప్పలేదు, అంతే.

తల్లీ బిడ్డల రక్షణ కార్డు మీ అందరి ఇళ్ళలో ఉన్నది. 2010లో ఆరోగ్య శాఖ, స్త్రీ శిశు సంక్షేమ శాఖ కలిసి దీన్ని తెచ్చినవి. నర్సమ్మా రాస్తుంది, అంగన్‌వాడీ టీచరూ రాస్తుంది. రక్తము గ్రూపు, రక్తము శాతము, బీపీ, టీకాల తేదీలు, బిడ్డ బరువు పెరిగే గీత – అన్నీ అందులోనే. ఏ గుర్తు కనిపిస్తే వెంటనే దవాఖానకు పోవాలో బొమ్మలతో సహా ఉన్నది. అంటే అది ఉత్త రికార్డు కాదు, పాఠ్యపుస్తకము. మరి మనమేమి చేస్తున్నాము? రేషను కార్డుతో పాటు ట్రంకుపెట్టెలో దాస్తున్నాము. మొదటి కాన్పుకు పిల్ల పుట్టింటికి పోతుంది, కార్డు అత్తవారింట్లో ఉండిపోతుంది. అక్కడ రాత్రిపూట నొప్పులు వస్తే, డాక్టరు మొదటి నుండి అన్నీ అడగవలసి వస్తుంది. రక్తము పోతున్నప్పుడు ఆ అరగంటే ప్రాణము.

చదువు సంగతి వచ్చినది కాబట్టి ఒక పాత ముచ్చట. 1846లో హైదరాబాదులో వైద్య పాఠశాల పెట్టినప్పుడు తొలి దశాబ్దాలలో బోధన ఉర్దూలో సాగినది. అక్కడ చదివి రూపాబాయి ఫర్దూన్‌జీ 1889లో 'హకీం' పట్టా పొందినారు; మత్తుమందు ఇచ్చే వైద్యులలో ప్రపంచములోనే తొలి మహిళగా ఆమెను చెప్పుకుంటారు. తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయము కోసము 1917లో ఏర్పడిన దారుల్ తర్జుమా వైద్య గ్రంథాలను కూడా ఉర్దూలోకి తెప్పించినది. తమ భాషలో వైద్యము చెప్పలేరన్న మాటకు ఈ గడ్డ మీదనే జవాబు దొరికినది. అయితే ఆ గ్రంథాలు డాక్టరయ్యేవాని కోసము రాసినవి, పొయ్యి దగ్గర కూర్చున్న తల్లి కోసము కాదు.

ఆ తల్లి కోసము రాసిన పుస్తకము మెక్సికో కొండ పల్లెల నుండి వచ్చినది. డేవిడ్ వెర్నర్ అనే ఆయన 1973లో స్పానిషులో వేసినాడు, 1977లో ఇంగ్లీషులో వచ్చినది. పేరుకు అర్థము 'వైద్యుడు లేని చోట'. తెలుగులో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వారు వేసినారు. అందులో మాకు నచ్చిన సంగతి, లాభము చూసుకోకుండా పంచేవారు దాన్ని నకలు తీసుకోవచ్చు, తమ ఊరికి తగినట్టు మార్చుకోవచ్చు అని ముందుగానే అనుమతి ఇచ్చినారు. విద్య పంచితే తరగదని మనమంటాము. వారు దాన్ని పుస్తకము లోపలే రాసి పెట్టినారు.

1978లో ఆల్మా ఆటాలో 134 దేశాల ప్రతినిధులు కూర్చుని, డాక్టరు, నర్సు, ఊరి ఆరోగ్య కార్యకర్త ఒక జట్టుగా పని చేయాలని తీర్మానించినారు. అప్పటికే మహారాష్ట్రలోని జాంఖేడ్‌లో 1970 నుండి ఆరోలే దంపతులు దాన్ని చేసి చూపుతున్నారు. ఇద్దరూ డాక్టర్లే. కాని ఊరూరి నుండి చదువురాని ఆడవాళ్ళను పిలిచి, వారము వారము కూర్చోబెట్టి నేర్పినారు. వచ్చినవాళ్ళు ఉత్తగా విని పోలేదు. తమ ఊళ్ళో ఏమి జరిగినదో చెప్పినారు, ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నారు. దవాఖానకు రాకముందే ఊళ్ళో ఆపగలిగిన జబ్బులు ఎన్నో ఆగినవి.

బంగ్లాదేశ్ సంగతి ఇంకా వినదగినది. 1980 నుండి పదేండ్ల పాటు బ్రాక్ సంస్థ ఆడ కార్యకర్తలు ఇంటింటికీ పోయి, విరేచనాలైన బిడ్డకు ఉప్పు, బెల్లము కలిపిన నీళ్ళు ఎట్లా చేయాలో తల్లుల చేతనే చేయించినారు. కోటి ఇరవై లక్షలకు పైగా ఇండ్లు తిరిగినారు. ఆ కార్యకర్తల జీతము ఎన్ని ఇండ్లు తిరిగినారన్న దాని మీద కాదు, తరువాత పోయి అడిగితే తల్లికి ఎంత గుర్తున్నదన్న దాని మీద! చెప్పినామా లేదా అన్నది కాదు, అవతలివారికి అబ్బినదా లేదా అన్నదే లెక్క.

మన దగ్గర ఇప్పుడు ఓ.ఆర్.ఎస్. పొట్లము ఆశా అక్క దగ్గరే దొరుకుతుంది. అయినా ఒక గ్లాసు నీళ్ళలో కొంచెము, మళ్ళీ కొంచెము వేసి తాగించేవాళ్ళను చూస్తున్నాము. లీటరు పొట్లమంతా ఒకేసారి లీటరు మంచి నీళ్ళలో కలపాలి, ఆ రోజే వాడాలి. జింకు మాత్ర విరేచనాలు తగ్గినా 14 రోజులు వేయాలి. తల్లిపాలు ఆపకూడదు. నాలుగే ముక్కలు. కాని నర్సమ్మ, మందుల షాపు ఆయన, ఆర్.ఎం.పి. డాక్టరు, ఇంట్లో దాదీ – నలుగురూ ఆ నాలుగు ముక్కలే చెబితేనే బిడ్డ దక్కుతుంది.

ఇక క్షయ. మన పాలమూరు ప్రాంతము వలసల ప్రాంతము. మందులు మొదలుపెట్టిన కొన్ని వారాలకు దగ్గు తగ్గుతుంది, ఒంట్లో సత్తువ వస్తుంది. మనిషి బాగైనాననుకుని పనికి బొంబాయో, పూనానో పోతాడు. మందు మధ్యలో ఆగుతుంది. మామూలు క్షయకు కనీసము 6 నెలలు వాడాలి. మధ్యలో మానితే జబ్బు మళ్ళీ తిరగబడవచ్చు, పాత మందుకు లొంగకుండా కూడా పోవచ్చు. నిక్షయ్ నంబరు దగ్గర ఉంటే ఏ ఊళ్ళోనైనా సర్కారు దవాఖానలో మందు కొనసాగించుకోవచ్చు. ఈ మాట రోగికి ఒక్కనికే తెలిస్తే చాలదు. భార్యకు, అన్నకు, అతన్ని పనికి తీసుకుపోయే మేస్త్రీకి తెలియాలి. వాళ్ళూ ఆ జట్టులో వాళ్ళే.

అయితే ఒక హెచ్చరిక. పంచుకోవలసినది పాఠము, రోగి పేరు కాదు. ఫలానా ఇంట్లో క్షయ ఉన్నదట అని చెప్పుకుంటే, రేపు ఇంకొకరు దగ్గు దాచుకుంటారు. దాచిన దగ్గు పది మందికి అంటుకుంటుంది. ఇంకొకటి, పాత కాగితాన్ని నమ్మి కూర్చోరాదు. క్షయ మందు వారానికి మూడు రోజులు వేసే పద్ధతి పోయి 2017 నుండి రోజూ వేసే పద్ధతి వచ్చినది. ఫోనులో వచ్చే ప్రతి సలహా వైద్యము కాదు. ఎవరు చెప్పినారు, ఏ సంవత్సరములో చెప్పినారు – ఈ రెండూ లేని కాగితాన్ని గోడకు అంటించవద్దు.

కాబట్టి సంఘము ముందు మూడు పనులు పెడుతున్నాము. ఒకటి, మన ఆఫీసు గదిలో ఒక బీరువా అర ఆరోగ్య పాఠాలకు ఇవ్వాలి. సర్కారు దవాఖాన డాక్టరుగారిని అడిగి, ఆశా కార్యకర్తలకు నేర్పే బొమ్మల కాగితాలు, క్షయ, టీకాల కరపత్రాలు తెచ్చి పెట్టాలి. ఏటా ఒకసారి ఆయనకే చూపి పాతవి తీసివేయాలి. రెండు, నెలకొకసారి ఆడవాళ్ళ బైఠక్ పెట్టాలి. మన ఇండ్లలో మాట ఉర్దూ, చాలామంది పిల్లల బడి తెలుగు. కాగితములో ఉన్నది ఆడపిల్లలు తెలుగులో చదివి, అమ్మీలకు, దాదీలకు ఉర్దూలో చెప్పాలి. విన్నవాళ్ళు తిరిగి చెప్పాలి. ఆ బైఠక్‌కు నర్సమ్మను, ఆశా అక్కను, అంగన్‌వాడీ టీచరును పిలవాలి. ఏ మతము వాళ్ళు వచ్చినా చాప పరచాలి. జ్వరానికి ఇల్లు తేడా తెలియదు గదా! మూడు, మన పిల్లలలో నర్సింగు, ఫార్మసీ, వైద్యము చదివేవారు సెలవులకు వచ్చినప్పుడు ఒక పూట ఊరికి ఇవ్వాలి. 2016లో మహబూబ్‌నగర్‌లో, 2022లో వనపర్తిలో సర్కారు వైద్య కళాశాలలు మొదలైనవి. పెద్ద చదువు మన దగ్గరికి వచ్చినది, దానిలో ఒక ముక్కయినా మన వాడకు చేరాలి.

వీటికి పెద్ద చందాలు అక్కరలేదు. ఒక అర, ఒక చాప, నెలకు రెండు గంటలు చాలు. ఇప్పటికి ఇంటికి పోయి ఒక్క పని చేయండి. ఆ కార్డు ట్రంకుపెట్టె లోనుండి తీసి, చేతికందే మేకుకు తగిలించండి. ఈ రాత్రి బడికి పోయే పిల్లతో దాన్ని చదివించి, ఇంటిల్లిపాదీ వినండి. పిల్ల పుట్టింటికి పోయేటప్పుడు కార్డు కూడా పోవాలి.