పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర దాకా



సునీతా విలియమ్స్ ఎవరో మీకు చెప్పనక్కర్లేదు. అమెరికా నేవీలో హెలికాప్టర్లు నడిపి నాసాకు వెళ్ళినామె. సుమారు ఎనిమిది రోజుల పనికని పోయి, 286 రోజులుండి 2025 మార్చిలో దిగినప్పుడు మన తాండాల్లోనూ టీవీల ముందు కూర్చున్నాం. ఈరోజు మేము ఇంకొకామె గురించి చెబుతాం. ఆమె చదివిందీ సునీత చదివిన నేవల్ అకాడమీలోనే. పైగా ఆమె మనలాగే తెగ బిడ్డ.

పేరు నికోల్ మాన్. 1977లో కాలిఫోర్నియాలో పుట్టారు. అక్కడి రౌండ్ వ్యాలీ ఆదివాసుల్లో వైలాకీ తెగ వారిది. 1999లో మెకానికల్ ఇంజనీరింగ్ పట్టాతో అకాడమీ నుంచి బయటికొచ్చి, నేవీ శాఖ కిందే ఉండే మెరైన్ దళంలో చేరారు. సముద్రంలో తేలే ఓడ మీద నుంచి యుద్ధ విమానం లేపి, మళ్ళీ అదే ఓడ మీద దించడం ఆమె ఉద్యోగం. ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల్లో 47 సార్లు అలా ఎగిరారు. ఆ యుద్ధాల మంచిచెడ్డలు వేరే సంగతి, ఈరోజు దాని జోలికి పోము.

2013లో నాసాకు ఆరు వేలకు పైగా దరఖాస్తులొస్తే ఎనిమిది మందిని తీసుకున్నారు. నలుగురు ఆడవాళ్ళు, అందులో ఈమె ఒకరు. ఎంపికయ్యాక తొమ్మిదేళ్ళు నేల మీదే ఉన్నారు. మొదట బోయింగ్ నౌకలో పంపాలనుకున్నారు, అది ఆలస్యమైంది. ఆమెను స్పేస్ఎక్స్ నౌకకు మార్చారు. తర్వాత ఆ బోయింగ్ నౌకలో వెళ్ళింది మన సునీతే! 2022 అక్టోబర్ 5న నికోల్ ఎగిరారు, ఆ నౌకకు కమాండర్ కూడా ఆమే. అంతరిక్షానికి వెళ్ళిన మొదటి అమెరికా ఆదివాసీ మహిళ. 157 రోజులున్నారు. రెండుసార్లు స్టేషన్ బయటికొచ్చి పనిచేశారు. చిన్నప్పుడు తల్లి ఇచ్చిన డ్రీమ్ క్యాచర్‌ను, అంటే చెడు కలల్ని ఆపుతుందని నమ్మే వల అల్లిన చక్రాన్ని, వెంట తీసుకుపోయారు. మన కాంచళి మీది అద్దాలూ గవ్వలూ గుర్తొచ్చాయి మాకు.

ఇప్పుడు మన దగ్గరికొద్దాం. అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన. శనక్కాయ ఎండిపోతే తాండాలో సగం ఇళ్ళకు తాళాలు, బెంగళూరు పని. పిల్ల అవ్వ దగ్గర. "ఎదిగిన పిల్లను ఎవరు కాస్తారు?" అని ఇంటర్ మధ్యలోనే పెళ్ళి మాట. మేమూ అలా అన్నవాళ్ళమే. దాచడం దేనికి?

ఆ వయసే కావాలి మిలిటరీ వాళ్ళకు. 2021లో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో ఎన్‌డీఏ పరీక్ష ఆడపిల్లలకు తెరుచుకుంది. మొదటి బ్యాచ్‌లో 17 మంది 2025 మేలో శిక్షణ ముగించారు. వయసు పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర. పెళ్ళి కాకూడదు. నేవీకైతే ఇంటర్‌లో ఎంపీసీ ఉండాలి. కాబట్టి పదో తరగతి కాగానే గ్రూపు ఎంచుకునేటప్పుడే ఆలోచించండి. ఆడపిల్లలకూ ఎస్టీలకూ ఫీజు లేదు. కానీ ఇక్కడ ఎస్టీ కోటా ఉండదు, అందరితో పాటు రాయాల్సిందే.

మన నేవీ నుంచి అంతరిక్షానికి ఇంతవరకు ఏ ఆడపిల్లా పోలేదు. గగన్‌యాన్‌కు ఎంపికైన నలుగురూ వైమానిక దళం మగ పైలట్లే. కళ్ళజోడు పెట్టుకున్న చెల్లెళ్ళు దిగులు పడొద్దు. చూపు సరిగా లేక పైలట్ కాలేకపోయిన మన గుంటూరు శిరీష బండ్ల ఇంజనీరై, 2021 జులైలో వర్జిన్ గెలాక్టిక్ నౌకలో పైకి వెళ్ళొచ్చింది.

సభ అయ్యాక బయట వేపచెట్టు కింద బల్ల వేసుకుని కూర్చుంటాం. పది, ఇంటర్ చదివేవాళ్ళు రండి, ఎన్‌డీఏ ఫారం ఎలా నింపాలో చూపిస్తాం. పెళ్ళి మాట నడుస్తున్న ఇల్లుంటే చెవిలో చెప్పండి. ఆ తాండాకు ఈ ఆదివారమే మేమే వస్తాం.