వ్యాధి ముదిరిన యువజనులు: కుటుంబము చేయవలసినది, పంచాయతీ చేయవలసినది

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సమావేశములలో సాధారణముగా చర్చకు వచ్చునవి మంచినీరు, వీధి దీపములు, మురుగు కాలువలు, రోడ్లు. ఇవి యన్నియు ముఖ్యమైన విషయములే. కాని నేడు మేము మీ యెదుట ఉంచదలచిన విషయము ఏ సమావేశపు అజెండాలోను కనిపించునది కాదు. ఊరిలో ఇరువది, ముప్పది ఏండ్ల వయస్సులో ఉన్న ఒక యువకునకో, యువతికో క్యాన్సర్ వచ్చినది. అది ముదిరినది. పూర్తిగా నయము చేయుట కష్టమని డాక్టర్లు చెప్పినారు. అప్పుడు ఆ కుటుంబము ఏమి చేయవలెను? ఆ కుటుంబమునకు ఊరు ఏమి చేయవలెను? ఇదియే నేటి విషయము.

మన పెద్దలు ఈ వ్యాధిని రాచపుండు అనిరి. ఆ పేరు పలుకుటకే జంకిరి. ఆ జంకు నేటికిని పోలేదు. 2022వ సంవత్సరములో మన దేశమున సుమారు 14 లక్షల మందికి క్రొత్తగా క్యాన్సర్ వచ్చినట్లు అంతర్జాతీయ అంచనాలు తెలుపుచున్నవి. వీరిలో అధిక సంఖ్యాకులు నడివయస్సు దాటినవారే. అయినను 15 మొదలు 39 ఏండ్ల లోపు వారికిని ఈ వ్యాధి రాకపోదు. రక్తపు క్యాన్సర్, లింఫు గ్రంథుల క్యాన్సర్, ఎముకల క్యాన్సర్, స్త్రీలలో రొమ్ము క్యాన్సర్, గర్భాశయ ముఖద్వారపు క్యాన్సర్, పొగాకు నమలువారిలో నోటి క్యాన్సర్ ఈ వయస్సున కూడ కనిపించుచున్నవి. వయస్సులో ఉన్నవారికి ఇట్టి జబ్బు రాదను నమ్మకముచే కొందరు గడ్డను మామూలు గడ్డగానే ఎంచి, నొప్పికి తైలము రాచుకొని నెలలు గడపుదురు. ఆసుపత్రికి చేరునప్పటికి వ్యాధి ఇతర అవయవములకు ప్రాకి యుండును.

అరువది ఏండ్లు దాటినవారి సంసారము ఒక దరికి చేరి యుండును. ముప్పది ఏండ్లవారి సంగతి అట్లు కాదు. పిల్లలు పసివారు. పొలము కౌలుకు తీసికొన్నది. అప్పు తీరలేదు. తమ్ముని చదువు, చెల్లెలి పెండ్లి మిగిలియున్నవి. తమ్మును మోయవలసిన బిడ్డను తల్లిదండ్రులు మోయవలసివచ్చును. కావున ఈ వయస్సున వచ్చిన వ్యాధి ఒక్క శరీరమునకు కాక ఇల్లంతటికిని వచ్చినట్లే అగుచున్నది.

ఒక కుటుంబము కథ

మా ఉద్యోగరీత్యా గ్రామములలో తిరుగునపుడు ఒక కుటుంబమును ఎరిగితిమి. వారి పేర్లను, ఊరి పేరును చెప్పుట ధర్మము కాదు. ఆ యింటి కోడలి వయస్సు 29 ఏండ్లు. ఇద్దరు పిల్లలు. పెద్దపిల్ల నాలుగవ తరగతి. భర్త కౌలు రైతు. స్వంతముగా ఉన్నది అర ఎకరము. ఆమెకు రొమ్ములో గడ్డ లేచినది. సిగ్గుచే చాల కాలము ఎవరికిని చెప్పలేదు. నడుము నొప్పితో లేవలేని స్థితిలో ఆసుపత్రికి తీసికొనిపోగా, వ్యాధి వెన్నెముకకు ప్రాకినదని తేలినది.

డాక్టరుగారు భర్తను, అత్తగారిని బయటకు పిలిచి విషయము చెప్పినారు. వారిద్దరును కూడబలుకుకొని ఆమెతో వాతపు నొప్పి యని చెప్పినారు. కాని ఆమె ఏడవ తరగతి వరకు చదివినది. ఆసుపత్రి ద్వారము మీది బోర్డు చదువగలదు. ఆమెకు మొదటి దినముననే తెలిసినది. అయినను ఇంటివారు బాధపడుదురని తెలియనట్లే యుండెను. ఈ విధముగా ఒకే ఇంటిలో రెండు నెలలు ఒకరికి తెలియకుండ ఒకరు ఏడ్చిరి.

ఇంతలో ఊరిలో మాట ప్రాకినది. ఇరుగు పొరుగు వారు ఆమెకు మంచినీరు వేరే గ్లాసులో ఇయ్యసాగిరి. ఒకరిద్దరు తమ పిల్లలను ఆ యింటికి పోవలదనిరి. పుట్టింటికి పంపివేయుట మేలని కొందరు బంధువులు అత్తగారికి సలహా చెప్పిరి. గోరుచుట్టుపై రోకటిపోటు అన్నట్లు, ఈ వ్యాధిని మూడు నెలలలో కుదుర్చుదునని చెప్పిన నాటువైద్యుడు ఒకడు పెద్ద మొత్తము అడిగెను. అర ఎకరము అమ్మివేయుటకు బేరము కుదిరినది.

ఆ అత్తగారు చదువుకొన్నది కాదు. అయినను ఆమె చేసిన పని చదువరులకు ఆదర్శప్రాయము. బంధువులందరు చూచుచుండగా వీధి అరుగు మీద కూర్చుండి, కోడలి కంచములోనే తానును భోజనము చేసినది. "నా కూతురే అయితే ఎక్కడికి పంపుదును?" అని మాత్రము అడిగినది. ఆ దినమునుండి వేరు గ్లాసు మాట ఎవరును ఎత్తలేదు. ఆ రాత్రి కోడలు సూటిగా ప్రశ్నింపగా, అత్తగారు సూటిగనే నిజము చెప్పినది.

నిజము విన్న తరువాత ఆమె కుప్పకూలిపోలేదు. మూడు కోరికలు కోరినది. కూర్చుండి పిల్లకు జడ వేయగలుగునంతగా నొప్పి తగ్గింపుడనినది. అర ఎకరము అమ్మవలదు, అది పిల్లలదనినది. ఇంటి చాకిరి కొరకు పెద్దపిల్లను బడి మాన్పింపవలదనినది. ఈ మూడును నెరవేరినవి. బేరము రద్దయినది. ప్రభుత్వ ఆసుపత్రిలో నొప్పికి తగిన మందు దొరకినది. వార్డు సభ్యురాలు పూనుకొనగా పొదుపు సంఘములోని స్త్రీలు వంతులవారీగా ఆ యింట వంట చేసిరి. ఆమె ఇంకను తొమ్మిది నెలలు జీవించి, స్వగృహముననే, తనవారి నడుమ కన్నుమూసినది. పెద్దపిల్ల నేటికిని బడికి పోవుచున్నది.

ఈ కథ చెప్పుటలో మా ఉద్దేశ్యము మీచే కన్నీరు పెట్టించుట కాదు. నయము కాదన్న తరువాత కూడ చేయవలసిన పని చాల కలదని చూపుటయే.

ముదిరిన దన్నంత మాత్రమున ఆశ విడువరాదు

మొదట ఒక విషయము స్పష్టము చేయవలెను. వ్యాధి ముదిరినదన్న మాటకు అన్ని రకముల క్యాన్సర్‌లలోను ఒకే అర్థము లేదు. లింఫు గ్రంథుల క్యాన్సర్‌లలో కొన్ని, వృషణముల క్యాన్సర్, రక్తపు క్యాన్సర్‌లలో కొన్ని శరీరమంతట వ్యాపించిన పిమ్మట కూడ కుదురుట కలదు. మరి కొన్నింటిలో పూర్తిగా కుదరకపోయినను చికిత్సచే నెలలు, ఏండ్లు ఆయుస్సు పొడిగింపవచ్చును. ఏది ఏ రకమో తేల్చి చెప్పవలసినవారు క్యాన్సర్ ఆసుపత్రి డాక్టర్లే గాని, బంధువులు కారు, నాటువైద్యులు కారు. హైదరాబాదులో 1955లో స్థాపింపబడిన మెహదీ నవాజ్ జంగ్ ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి కలదు. విశాఖపట్టణము కడ అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి కలదు. 2007లో ఉమ్మడి రాష్ట్రమున ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకము తెలంగాణలో అదే పేరుతోను, ఆంధ్రప్రదేశ్‌లో నేడు డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవ అను పేరుతోను నడచుచున్నది. క్యాన్సర్ చికిత్స ఈ పథకములలో చేరియున్నది. పొలము అమ్ముటకు ముందు ఈ ద్వారములు తట్టవలెను.

రోగికి నిజము చెప్పుట

రోగి పసిబిడ్డ కాదు. వయోజనుడు. ఓటు వేయుచున్నాడు. సంసారము చేయుచున్నాడు. తన శరీరమును గూర్చి తెలిసికొను హక్కు అతనికి కలదు. దాచినంత మాత్రమున తెలియకపోవుట లేదు. చెప్పుకొనుటకు మనిషి లేకపోవుట మాత్రమే జరుగును. అట్లని ఒక్క దెబ్బతో అంతయు చెప్పుటయు తగదు. "నీ జబ్బును గూర్చి నీకు ఎంతవరకు తెలిసికొనవలెనని యున్నది?" అని మొదట అడుగవలెను. అతడు అడిగినంత వరకు, డాక్టరు సహాయముతో, మెల్లగా చెప్పవలెను. ఇన్ని దినములే బ్రతుకుదువని లెక్క చెప్పరాదు. అట్టి లెక్కలు సరిపోవు. తప్పక కుదురునని అబద్ధమును చెప్పరాదు. నిన్ను విడువము, నొప్పి పడనీయము అను రెండు మాటలు మాత్రము నమ్మకముగా చెప్పవచ్చును.

కీమోథెరపీ ఇంకను కొనసాగింపవలెనా, మానవలెనా, ఇంటివద్ద ఉండవలెనా అను విషయములలో రోగి మాటయే ముఖ్యము. చిన్నపిల్లలకు కూడ వారికి అర్థమగు మాటలలో అమ్మకు పెద్ద జబ్బు చేసినదని చెప్పవలెను. లేనిచో తమ తప్పు వలననే ఇట్లయినదని వారు లోలోన కుములుట కలదు.

నొప్పి భరింపవలసినది కాదు

క్యాన్సర్ అన్న తరువాత నొప్పి తప్పదని, దానిని ఓర్చుకొనవలెనని మనవారి భావము. ఇది సరికాదు. తీవ్రమైన నొప్పికి మార్ఫిన్ అను మందు కలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని అత్యవసర ఔషధముల పట్టికలో చేర్చినది. బిళ్ళల రూపమున నోటి ద్వారా తీసికొనవచ్చును. సాధారణముగా నాలుగు గంటల కొకసారి, నొప్పి తిరుగబెట్టక ముందే, వేళ తప్పక ఇయ్యవలెను. మొదటి దినములలో కొంత మత్తుగా నుండును. మలబద్ధకము కలుగును గాన దానికి కూడ మందు తోడుగా వాడవలెను. డాక్టరు చెప్పిన ప్రకారము నొప్పికై వాడువారు దీనికి బానిసలగుట అరుదు. ఇది ఆయుస్సును తగ్గించునన్న భయమును నిరాధారమే. అయితే తమంతట తాము మోతాదు పెంచుట గాని, ఒక్కసారిగా మానుట గాని కూడదు. బిళ్ళలను పిల్లలకు అందని చోట దాచవలెను.

1985 నాటి మాదకద్రవ్యముల చట్టము వలన ఈ మందు దొరకుట చాలకాలము కష్టమైనది. 2014లో ఆ చట్టమును సవరించి, గుర్తింపు పొందిన ఆసుపత్రులు దీనిని సులభముగా ఇచ్చుటకు వీలు కల్పించిరి. కావున నొప్పితో బాధపడు రోగిని ఉపశమన చికిత్స, అనగా పాలియేటివ్ కేర్, విభాగమున్న ఆసుపత్రికి పంపుట మొదటి పని.

పంచాయతీ చేయవలసినది

ఇది డాక్టర్ల పని, మాకేమి సంబంధమని మీరు అడుగవచ్చును. 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో ఆరోగ్యము పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో ఒకటిగా పేర్కొనబడినది. కేరళ రాష్ట్రములో పంచాయతీలు దీనిని చేసి చూపినవి. కేరళలోని కోజికోడులో 1993లో కొందరు డాక్టర్లు, సామాన్య పౌరులు కలిసి నొప్పి నివారణ సంఘమును స్థాపించిరి. క్రమముగా ఊరూర స్వచ్ఛంద సేవకులు తయారైరి. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వము ఉపశమన చికిత్సకు ప్రత్యేక విధానమును ప్రకటించినది. నేడు అచ్చటి గ్రామ పంచాయతీలు నర్సును మంచము పట్టిన రోగుల ఇండ్లకే పంపుచున్నవి. పుండ్లు కడుగుట, మందులు చూచుట, ఇంటివారికి సేవ నేర్పుట ఆ నర్సు పని.

మన గ్రామములలోను ఆరోగ్య కేంద్రములు చేయవలసిన సేవలలో ఉపశమన చికిత్స చేరియున్నది. కావున ఈ క్రింది పనులు చేయుడని కోరుచున్నాము.

1. ఊరిలో ఇట్టి రోగులు ఎందరున్నారో ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం. ద్వారా తెలిసికొనుడు. అయితే రోగి అనుమతి లేక అతని పేరును సభలో ఎత్తకుడు.

2. ఈ వ్యాధి తాకినందున గాని, కలిసి భుజించినందున గాని అంటదని గ్రామసభలో చెప్పుడు. చెప్పుటయే గాక, మీరే ఆ యింటికి పోయి మంచినీరు త్రాగుడు.

3. ఆరోగ్య పథకపు కార్డులు, ధ్రువపత్రములు సరిచేయించుడు. చికిత్సకై పోవు క్యాన్సర్ రోగికిని, తోడు పోవువానికిని ఆసుపత్రి ధ్రువపత్రముపై రైలు చార్జీలో రాయితీ కలదు. ఇది ఎరుగనివారు అనేకులు.

4. సేవ చేయువారికి విశ్రాంతి కల్పించుడు. మంచము పట్టిన రోగిని రెండు గంటల కొకసారి ప్రక్కకు త్రిప్పవలెను. లేనిచో పుండ్లు పడును. రాత్రింబవళ్లు ఈ పని చేయు తల్లియో, భార్యయో తానును మంచము పట్టు ప్రమాదము కలదు. వారమున ఒక పూట ఇరుగు పొరుగువారు ఆమెను నిద్రపోనిచ్చినచో అది గొప్ప సహాయము.

5. మూడు నెలలలో కుదుర్చుదుమనువారి మాట విని భూమి అమ్మకుండ, అధిక వడ్డీకి అప్పు చేయకుండ సలహా చెప్పుడు.

6. ఆ యింటి పిల్లల బడి మానకుండ చూడుడు. అందును ఆడపిల్ల బడిని ముందుగా చూడుడు.

వీనిలో పెక్కింటికి నిధులు అక్కరలేదు. తీర్మానము కూడ అక్కరలేదు. ఒక సభ్యుడు పూనుకొని, సాయంకాలము ఆ యింటి గడప త్రొక్కిన చాలును.

కుటుంబము రోగిని మోయును. కుటుంబమును ఊరు మోయవలెను. వయస్సులో ఉన్న బిడ్డ మృత్యువుతో పోరాడుచున్నపుడు ఆ యిల్లు ఒంటరిది కాకుండ చూచుట పంచాయతీ విధులలో ఒకటిగా మీరు భావింతురని మా విశ్వాసము. మీ మీ గ్రామములకు తిరిగి పోయిన పిమ్మట, అట్టి యిల్లు ఒకటి మీ వార్డులో నున్నదేమో ఒక్కసారి ఆలోచింపుడు. ఉన్నచో ఈ వారముననే పోయి చూడుడు.