ఇంటి పద్దు – యంత్రపు గుమాస్తా



జంషెడ్‌పూరు నగరమునకు జీతపు లెక్క కొత్త విషయము కాదు. 1907లో స్థాపితమైన ఉక్కు సంస్థ 1912లో ఎనిమిది గంటల పనిదినమును, 1920లో భవిష్యనిధిని, 1934లో లాభములలో వాటాగా బోనసును ఇచ్చట ప్రవేశపెట్టినది. ఇవి చట్టములలోని కెక్కుటకు ఎంతో పూర్వమే ఈ ఊరి కార్మికునకు లభించినవి. అయినను ఆ కాలమున నెలజీతగానికి అప్పు లేకుండుట అరుదు. విట్లీ కమీషను అను పేర ప్రసిద్ధమైన రాయల్ లేబర్ కమీషను 1931లో సమర్పించిన నివేదికలో, దేశమునందలి పారిశ్రామిక కేంద్రములలో చాలవరకు మూడింట రెండు వంతులకు తగ్గకుండ కుటుంబములు ఋణగ్రస్తములై యున్నవనియు, ఆ ఋణము పెక్కుమంది విషయమున మూడు నెలల జీతమును మించియున్నదనియు తెలిపినది. జీతము చాలకపోవుట ఒక కారణము. వచ్చిన జీతము ఎటు పోయినదో తెలియకపోవుట మరియొకటి. మొదటిదానికి వేతన సంఘములు కలవు. రెండవదాని సంగతి ఎవరి ఇంట వారే చూచుకొనవలెను.

శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి ఉక్కు కర్మాగారమునకై వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములకు తోడు, రైల్వే, జాతీయ లోహ పరిశోధనశాల, పరమాణు ఖనిజ శాఖ, ఆదాయపు పన్ను శాఖ మున్నగు కార్యాలయములకు బదిలీలపై వచ్చి పోవు కేంద్రోద్యోగులును ఇచ్చట కలరు. వీరి యిండ్లలో పద్దు పుస్తకమునకు బదులుగా నేడు చేతిఫోనులోని యాపు కూర్చున్నది. ఆదాయమెంత, వ్యయమెంత, కిరాణాకు ఎంత, బడికి ఎంత అని రంగురంగుల చక్రములతో అది చూపును. దానిని నమ్మవచ్చునా, ఎంతవరకు నమ్మవచ్చును అనునదే నేటి ప్రసంగ విషయము.

ఇంటి లెక్క వ్రాయుట ఏ యొక్క జాతి సొత్తును కాదు. ఇటలీ దేశపు లూకా పాచోలీ 1494లో జమాఖర్చుల పద్ధతిని అచ్చు వేయించెను. జపానులో హనీ మొతొకో అను విదుషి 1904లో గృహిణులకొరకు ‘కకెయిబో’ అను ఇంటి పద్దు పుస్తకమును రూపొందించెను. 1979లో విసికాల్క్ వచ్చి గడుల కాగితమును కంప్యూటరు తెరమీది కెక్కించినది. నేటి యాపు ఆ వంశములోనిదే.

ఈ గుమాస్తాకు గల గొప్ప గుణము అలసట లేకపోవుట. జనవరి మొదటి తేదీన శ్రీకారము చుట్టిన డైరీలలో సంక్రాంతి దాటిన పిమ్మట పాల పద్దు, చాకలి పద్దు తప్ప మరేమియు కనుపింపకపోవుట ఎల్లరు ఎరిగినదే. యంత్రము అట్లు విసుగు చెందదు. 2016లో యూపీఐ చెల్లింపులు వచ్చిన తరువాత పదిరూపాయల తేనీరు సైతము ఒక పద్దుగా నమోదగుచున్నది. కార్యాలయమువద్ద రోజునకు నలుబది రూపాయలు ఫలహారమునకు వెచ్చించు ఉద్యోగి దానిని ఖర్చుగానే తలపడు. నెలకు ఇరువదియారు పనిదినములైనచో అది 1,040 రూపాయలు, సంవత్సరమునకు 12,480. టాటానగరులో రైలెక్కి శ్రీకాకుళం రోడ్డులో దిగుటకు నలుగురు గల కుటుంబమునకు రానుపోను టిక్కెట్లకు చాలి మిగులు పైకమది. తేనీరు మానవలెనని ఎవరును అనుట లేదు. కాని అంకె కంటబడిన పిదప త్రాగు తేనీరు వేరు.

ఇక సాలుకొకమారు వచ్చు బీమా ప్రీమియము, బడి ప్రవేశ రుసుము మొదలగువానిని పండ్రెండు భాగములు చేసి నెలనెలా ప్రక్కకు పెట్టించుటలో యంత్రమును మించినది లేదు. 36,000 రూపాయలు ఒక్కమారు కట్టవలసి వచ్చినప్పుడు చేబదులుకై పరుగెత్తుట, నెలకు 3,000 చొప్పున ముందే తీసియుంచుట – ఈ రెంటికి గల భేదము ఇల్లాలికి బాగుగ తెలియును.

అయితే ఈ యాపులు వ్రాసినవారు కేంద్రోద్యోగి జీతపు చీటీని చూచి వ్రాసినట్లు తోచదు. ప్రభుత్వ కార్యాలయములలో జీతము నెల చివరి పనిదినమున వచ్చును. అది రాబోవు నెల సంసారమునకు. యంత్రమో దానిని గడచిన నెల ఆదాయములో కలుపును. మార్చి జీతము ఏప్రిలు మొదటి పనిదినమున వచ్చును గనుక, దాని లెక్కలో మార్చిలో ఉద్యోగి నిరుద్యోగి; ఏప్రిలులో రెండు జీతముల శ్రీమంతుడు! జనవరి, జూలైలనుండి అమలగు కరవు భత్యము ఆలస్యముగా ప్రకటితమై బకాయిలతో ఒక్కసారిగా వచ్చినపుడును ఇదే తికమక.

ఇంతకంటె పెద్ద పొరపాటు మరొకటి కలదు. బ్యాంకు సందేశములను చదువు యాపునకు చేతికి వచ్చిన జీతము మాత్రమే తెలియును. 2004 జనవరి 1 నాడు గాని ఆ తరువాత గాని చేరిన ఉద్యోగి మూలవేతనము, కరవు భత్యములపై నూటికి పదివంతులు జాతీయ పింఛను పథకమునకు ముందే పోవును. దానికి ప్రభుత్వము 2019 ఏప్రిలునుండి పదునాలుగు వంతులు చేర్చుచున్నది. ఈ యిరువది నాలుగు వంతులును యంత్రపు దృష్టికి లేనేలేవు. “మీరు ఈ నెల ఏమియు పొదుపు చేయలేదు” అని అది హెచ్చరించును. దాని మాట నమ్మి బెంగపడువారు కొందరు. ఇది కూడ పొదుపేనా అని అసలు పొదుపునే తేలిక చేయువారు మరికొందరు. జీతపు చీటీలోని మొత్తమును ఆదాయముగను, కోతలను పొదుపు, పన్నుల క్రిందను చేతితో వ్రాసిన గాని ఈ లెక్క సరిపడదు.

తెలుగువారి వాడుకలు వచ్చినపుడు ఈ గుమాస్తా మరింత తెల్లబోవును. చీటీపాట సంగతి చూడుడు. ఇరువది మంది సభ్యులు, నెలకు 5,000, మొత్తము లక్ష. ఒకరు 80,000లకు పాడుకొనిరి. తగ్గిన 20,000లో నూటికి అయిదు చొప్పున నిర్వాహకుని కమీషను 5,000 పోగా మిగిలిన 15,000 సభ్యులందరికి 750 చొప్పున వచ్చును. అనగా ఆ నెల కట్టవలసినది 4,250. యంత్రము ఈ 4,250ని ఖర్చులో వేయును. పాడుకొన్ననాడు వచ్చిన 80,000ను ఆదాయములో వేయును. రెండును తప్పే. పాటకు ముందు కట్టినది పొదుపు. పాట తరువాత కట్టునది అప్పు తీర్చుట.

పెండ్లి చదివింపులు ఇంకను సూక్ష్మమైనవి. ఊరిలో మేనమామ కూతురు పెండ్లికి చదివించిన 5,016 రూపాయలు దానమా, ఖర్చా, అప్పా? రేపు ఈ యింట శుభకార్యమైనపుడు మరికొంత చేర్చి వారు తిరిగి చదివింతురు. అందులకే ప్రతి యింటను చదివింపుల పుస్తకము ప్రత్యేకముగ నుండును. ఇతర లెక్కలు పారవేసిన యిండ్లలో గూడ ఆ పుస్తకము మాత్రము పెట్టె అడుగున భద్రముగ నుండుట గమనింపదగినది. యాపు దానిని ‘వినోదము, బహుమతులు’ అను శీర్షిక క్రింద వేసి, వచ్చే నెల తగ్గించుకొమ్మని సలహా యిచ్చును. ఆ సలహా పాటించిన కుటుంబము ఊరికి పోయి తలయెత్తుకొని తిరుగలేదు.

ఇంటి గుట్టు లంకకు చేటు అను సామెతను ఈ సందర్భమున తలచుకొనక తప్పదు. 2014లో మన దేశమున ‘వాల్‌నట్’ అను యాపు వచ్చి, ఫోనునకు వచ్చు బ్యాంకు సందేశములను చదివి లెక్కలు కట్టిపెట్టుచు మిక్కిలి ఆదరణ పొందినది. 2018లో దానిని ‘క్యాపిటల్ ఫ్లోట్’ అను అప్పులిచ్చు సంస్థ కొనుగోలు చేసినది. ఇందులో అక్రమమేమియు లేదు. అయితే పద్దు వ్రాయు గుమాస్తా షావుకారు కొలువులో చేరినాడని మాత్రము ఇంటివారు గుర్తెరుగవలెను. నెలాఖరున చేయి తడబడు వేళ ఎవరికి ముందు తెలియునో వారినుండియే ఋణపు ఆహ్వానము వచ్చుట సహజము.

రక్షణలు లేకపోలేదు. సందేశములను చదువు అనుమతిపై గూగుల్ సంస్థ 2019 నుండి కట్టుబాట్లు విధించినది. రిజర్వు బ్యాంకు అనుమతితో నడచు అకౌంటు అగ్రిగేటరు విధానము 2021లో ఆచరణకు వచ్చినది. దీనిలో ఖాతాదారుడు దేనికి, ఎంతకాలమునకు అంగీకరించెనో అంతవరకే వివరములు చేరును, అంగీకారమును ఉపసంహరించుకొనవచ్చును. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమును పార్లమెంటు ఆమోదించినది. ఇన్ని యున్నను, కరవు భత్యము వార్తను అక్షరమక్షరము చదువువారు అనుమతి పత్రమును చదువక ‘సరే’ అని నొక్కుట వింతయే.

గుమాస్తా చిరంజీవియు కాడు. 1991లో వెలసిన మైక్రోసాఫ్ట్ మనీ అమ్మకము 2009లో నిలిచినది. అమెరికాలోని తెలుగు పిల్లలును వాడిన ‘మింట్’ 2007లో పుట్టి, 2009లో ఇంట్యూట్ సంస్థ పరమై, 2024 మార్చిలో మూతబడినది. లెక్కలను ముందే దింపుకొని దాచినవారికి అవి దక్కినవి.

వీటన్నిటికంటె యోచింపదగినది ఇంటిలోపలి సంగతి. పాత డైరీ బీరువామీద నుండెడిది. దానికి తాళము లేదు. ఇల్లాలు కూరల పద్దు వ్రాసెడిది, పెద్దపిల్లవాడు కూడిక చేసెడివాడు, తండ్రి బీమా గడువు ఎర్రసిరాతో గుర్తుపెట్టెడివాడు. నేడు లెక్క యజమాని ఫోనులో, అతని సంకేతపదము వెనుక నున్నది. అతడు హఠాత్తుగ ఆసుపత్రి పాలైనచో ఏ చీటీ ఎవరివద్ద నడచుచున్నదో, ఏ రుణము ఎంత మిగిలినదో, పింఛను ఖాతాకు నామినీ ఎవరో భార్యకు తెలియు మార్గము లేదు. బంధువులు రైలు దిగులోపల ఆమె అడుగవలసిన ప్రశ్నలు అనేకములు. సమాధానము చెప్పవలసిన యంత్రము తెరుచుకొనదు.

ఉద్యోగి జాతీయ పింఛను పథకమున నున్నను, 2025 ఏప్రిలులో ఆరంభమైన ఏకీకృత పింఛను పథకమున నున్నను, విరమణానంతరము సంసారము నడచుటకు నెలకెంత కావలెనో మూడు నాలుగేండ్ల నిజమైన లెక్క చూచిన గాని తేలదు. ఆ లెక్క కూడబెట్టుటకు యాపు మిక్కిలి తగినది. కనుక దినదినపు పద్దు దానికి వదలి, నెలకొక ఆదివారము భార్యాభర్తలు ఎదురెదురుగ కూర్చుండి, అది తప్పుగ వేసిన చీటీని, చదివింపులను, జీతపు కోతలను సరిదిద్ది, పదిపండ్రెండు మొత్తములను ఒక సాధారణమైన నోటుబుక్కులో ఎక్కించిన చాలును. అరగంట పని. ఏప్రిలులో జీతము రెండుమారులు వచ్చిన నెల గడచిన పిదప సంవత్సరపు లెక్కను కాగితముమీద అచ్చు తీయించి, బీమా పత్రములు, చదివింపుల పుస్తకము ఉన్న పెట్టెలోనే ఉంచవచ్చును. ఆ పెట్టె తాళపుచెవి ఎక్కడ నుండునో ఇంటిల్లిపాదికి ఎటులను తెలిసియేయుండును.