అటక మీది టీవీ గేమ్

మిత్రులారా, ట్యూషన్ ఎగ్గొట్టి ఆడిన టీవీ గేమ్ గుర్తుందా? 1983లో జపాన్‌లో నింటెండో తెచ్చిన ఫామికామ్‌కు అది నకలు. క్యాట్రిడ్జ్ ఊది మరీ పెట్టేవాళ్లం. ఊదితే తేమకు పిన్నులు పాడవుతాయట, అప్పుడెవరికి తెలుసు!

నా సెట్టు అటక మీదే చచ్చిపోయింది. మొన్న అదే ఆటను ల్యాప్‌టాప్‌లో మా అబ్బాయికి చూపించాను. ఎఫ్‌సీఈయూఎక్స్ అనే ఎమ్యులేటర్ ఆ పాత చిప్పులా నటిస్తుంది. దాని కోడ్ ఎవరైనా చదవొచ్చు, దిద్దవచ్చు. నేను రాత్రుళ్లు కూర్చుని చదివాను. తయారీదారు బయటికి చెప్పని ఆదేశాలు కూడా అందులో రాసి ఉన్నాయి. కొన్ని ఆటలు వాటినే వాడుకున్నాయి మరి!

లెక్కల మాస్టారూ, ఆ రోజు మీరు నా చెవి మెలేసింది ఈ ఆటకే. కోడ్ అర్థమైంది మాత్రం మీరు నేర్పిన బైనరీతోనే.

ఒక్క మాట. ఎమ్యులేటర్ ఉచితమే, ఆటల హక్కులు మాత్రం కంపెనీలవే. మీ అటక మీద పాత క్యాట్రిడ్జ్‌లుంటే పాత సామాన్లవాడికి వేయకండి, నాకివ్వండి.