తాగుడు మానాలంటే మర్యాద వదులుకోవాలా?

(మండల కార్యకర్తల సమావేశంలో ఒక ఉపాధ్యాయ మిత్రుడు చేసిన ప్రసంగ పాఠం)



ఇయ్యాల నేను ఎత్తబోయే సంగతి మన సభల్లో ఇంతవరకు రాలేదు. భూమి గురించి మాట్లాడుకున్నాం. శ్మశానానికి దారి గురించి మాట్లాడుకున్నాం. హాస్టలు పిల్లల మెస్ చార్జీల కోసం ఎండలో కూర్చున్నాం. తాగుడు గురించి కూడా చాలాసార్లు తిట్టుకున్నాం. కానీ తాగుడు మాన్పిస్తామని బోర్డు కట్టిన చోట మనోళ్ళకు ఏం జరుగుతోందో ఒక్కనాడూ మాట్లాడుకోలేదు. కారణం సిగ్గు. కొడుకు సెంటర్లో ఉన్నాడని చెప్పడానికి తల్లికి సిగ్గు, భార్యకు సిగ్గు. ఎవరన్నా అడిగితే "హైదరాబాదు పనికి పోయాడు" అంటారు. ఆ సిగ్గు చాటునే అన్నీ జరిగిపోతున్నాయి.

సారా చరిత్ర మీకు నేను చెప్పనక్కరలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు లేచినప్పుడు నేను బడిపిల్లవాణ్ణి. మా అమ్మ పొరక పట్టుకుని సారా కొట్టు మీదికి పోయింది. 1993లో సారా పోయింది. 1995 జనవరి 16న మొత్తం మద్యనిషేధం వచ్చింది. 1997లో ఎత్తేశారు. ఆంధ్రలో 2019లో ప్రభుత్వమే కొట్టు పెట్టుకుని కూర్చుంది, 2024లో మళ్ళీ ప్రైవేటువాళ్ళ చేతికిచ్చింది. అమ్మేవాళ్ళు మారారు గానీ సీసా మన కాలనీకి రావడం ఒక్కరోజూ ఆగలేదు. మత్తు పానీయాలను నిషేధించడానికి రాజ్యం పాటుపడాలని రాజ్యాంగం 47వ అధికరణంలో రాసి ఉంది. రాసి ఉంది, అంతే.

అమ్మడానికి సందుకో కొట్టుంది. మాన్పించడానికి ఏముంది? సర్కారు ఆసుపత్రిలో మంచం దొరికితే అదృష్టం. దొరకనివాళ్ళు ప్రైవేటు సెంటరుకు పోతున్నారు. గొర్రెలమ్మి కడుతున్నారు, చెవికమ్మలు కుదవబెట్టి కడుతున్నారు. రాత్రిపూట వ్యాను వస్తుంది. నలుగురు దిగుతారు. నిద్రలో ఉన్నవాణ్ణి రెక్కలు పట్టి ఎక్కించుకుపోతారు. ఇంట్లోవాళ్ళే ఫోను చేసి పిలిచారు కాబట్టి ఎవరూ నోరెత్తరు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మా బళ్ళో ఐదో తరగతి చదివిన పిల్లవాడు ఒకడు తాపీపనిలో మంచి చేయి. గోడ కడితే దారం పెట్టి చూసుకోనక్కరలేదు. పనితో పాటు మందూ అలవాటైంది. 2023 ఎండాకాలంలో వాడి తల్లి, భార్య కలిసి ఒక పట్నంలో ఉన్న సెంటర్లో చేర్పించారు. వాడి పేరు చెప్పను. సెంటరు పేరూ చెప్పను, ఫిర్యాదు ఇంకా పైవాళ్ళ దగ్గరుంది.

పోయిన మొదటిరోజే గుండు కొట్టారు. వాడు ఏ దేవుడికీ మొక్కుకోలేదు. బట్టలు తీసుకుని అందరికీ ఒకే రంగు నిక్కరు, బనీను ఇచ్చారు. నలభై ఐదు రోజులు ఇంటికి ఫోను లేదు. ఆ తర్వాత ఆదివారం ఐదు నిమిషాలు, అదీ వార్డెను పక్కన నిలబడి స్పీకరు పెట్టి వింటుంటే. ఎదురు మాట్లాడితే మెట్ల కింద గదిలో పెట్టి తాళం. ఇంటికి పోతానంటే "ఆరు నెలల కోర్సు, మధ్యలో పోవడం కుదరదు" అనడం.

కులం మాత్రం ఎవరూ అడగలేదు! ఊరడిగారు. ఊళ్ళో ఎక్కడ అని అడిగారు. "కాలనీలో" అన్నాడు. అయిపోయింది. మర్నాటి నుంచి మరుగుదొడ్లు కడిగే చీటీలో వాడి పేరుంది. ఆ చీటీలో ఉన్న ఐదుగురూ ఎక్కడివాళ్ళో నేను చెప్పాలా? మేం తక్కువ ఫీజుకు చేర్చుకున్నాం కాబట్టి పని చేయాలని ఒకసారి అన్నారంట. ఇంకోసారి ఇది పని కాదు, వైద్యం అన్నారంట. కక్కసు కడిగితే మనిషిలో అహం పోతుందంట. మంచిదే. మరి పక్క మంచం మీదున్న కాంట్రాక్టరుగారబ్బాయికి ఆ వైద్యం ఎందుకు రాయలేదు? వాడికి అహం తక్కువా?

మనవాడు అక్కడ ఊరికే ఉండలేదు. ఇంకో పదకొండు మందిని కూడగట్టాడు. అందులో ఒక ఆటో డ్రైవరు, ఒక బీసీ నేతపని మనిషి, ఒక సాయిబుల పిల్లవాడు, డిగ్రీ మధ్యలో ఆపేసిన ఒక రెడ్డి కుర్రాడు కూడా ఉన్నారు. ఆ రెడ్డి కుర్రాడే కాగితం రాశాడు, చేతిరాత బాగుందని. నోటుబుక్కు పేజీలో రాశారు. మేము మందు మానాలనే వచ్చాం, మమ్మల్ని పంపించెయ్యమని అడగడం లేదు, నియమాలు మార్చమని అడుగుతున్నాం అని మొదటి వాక్యం. ఆ వాక్యం నాకు బాగా నచ్చింది. గుండు కొట్టొద్దు. వారానికొకసారి ఫోను, పక్కన ఎవరూ వినకుండా. మరుగుదొడ్ల పని అందరికీ వంతులవారీగా, లేకపోతే కూలి ఇచ్చి వేరేవాళ్ళను పెట్టండి. మెట్ల కింద గది తీసెయ్యండి. డాక్టరు వారానికి రెండుసార్లన్నా రావాలి. నియమాలు తెలుగులో రాసి గోడకు పెట్టండి. ముందు సంతకం పెట్టినవాడికి ముందు దెబ్బ పడుతుందని, ఎవరిది మొదటిదో తెలియకుండా గుండ్రంగా సంతకాలు చేశారు. వేలిముద్రలు కూడా ఆ గుండ్రంలోనే.

బీడీలు కూడా అడగాలని కొందరన్నారంట. దాని మీద రెండు రాత్రులు వాదులాడుకుని చివరికి తీసేశారు. తీసెయ్యడమే మంచిదైంది. అది పెడితే మిగతావన్నీ పక్కనపెట్టి ఆ ఒక్కటే పట్టుకునేవాళ్ళు.

యాజమాన్యం ఏం చేసింది? వాళ్ళకు జవాబియ్యలేదు. వాళ్ళ ఇళ్ళకు ఫోను చేసింది. "మీవాడికి తాగాలని గుబులు పుట్టింది, అందుకే గొడవ చేస్తున్నాడు, ఇంకో రెండు నెలలు ఉంచాలి" అని చెప్పింది. ఇక్కడ మనం ఆగి ఆలోచించాలి. తాగుబోతు అని ఒకసారి పేరు పడ్డాక ఆ మనిషి ఏం మాట్లాడినా సీసా మాట్లాడినట్టే లెక్క. అన్నంలో పురుగులొచ్చాయి అంటే అది రోగం. డాక్టరు రాలేదంటే అది రోగం. ఈ తర్కం మనకు కొత్తదా? మనం కూలి పెంచమంటే "వీళ్ళకు ఎవరో ఎక్కించారు" అనలేదా? మన మాటకు మనం కారణం కాదని చెప్పడం వాళ్ళకు తరతరాల అలవాటు.

ఇక చట్టం. 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. అందులో మానసిక అనారోగ్యం అనే మాటకు చెప్పిన అర్థంలోనే మద్యం, మత్తుమందుల వాడకం వల్ల వచ్చే మానసిక స్థితులు కూడా ఉన్నాయి. అంటే అటువంటివాళ్ళను ఉంచుకుని వైద్యం చేస్తామనే సెంటరు ఈ చట్టం కింద రిజిస్టరు కావాలి. కాకుండా నడిపితే మొదటిసారికి ఐదు వేల నుంచి యాభై వేల దాకా జరిమానా. ముందు వెళ్ళగానే రిజిస్ట్రేషన్ కాగితం చూపించమనండి. మొహాలు చూసుకుంటే మీకు సగం సంగతి అర్థమైనట్టే.

ఆ చట్టం 20వ సెక్షను చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. మనవాళ్ళు నోటుబుక్కు పేజీలో అడిగినవి సగానికి పైగా అందులో ముందే రాసి ఉన్నాయి. బలవంతంగా గుండు కొట్టకూడదు. సొంత బట్టలు కట్టుకుంటానంటే కట్టుకోనివ్వాలి, యూనిఫారం రుద్దకూడదు. బలవంతంగా పని చేయించకూడదు, పని చేస్తే తగిన ప్రతిఫలం ఇవ్వాలి. 21వ సెక్షనులో కులం పేరు పెట్టి మరీ వివక్ష ఉండకూడదన్నారు. 26లో ఫోను, చూడవచ్చేవాళ్ళు. 28లో ఫిర్యాదు హక్కు. ముందు సెంటరు బాధ్యుడికి, అక్కడ కాకపోతే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు, అక్కడా కాకపోతే రాష్ట్ర ప్రాధికార సంస్థకు. 95 ప్రకారం గొలుసులతో కట్టకూడదు. 97 ప్రకారం ఒంటరి గదిలో వేయకూడదు. బలవంతపు పని గురించి బాబాసాహెబ్ రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టి వద్దని ఎప్పుడో చెప్పారు. వెట్టికి థెరపీ అని పేరు పెడితే వెట్టి కాకుండా పోతుందా?

ఆరు నెలల కోర్సు అనేది ఇంకో మాయ. చేరేటప్పుడు "నా ఇష్టంతో చేరుతున్నాను" అని సంతకం పెట్టించుకుంటారు. ఇష్టంతో చేరినవాడు ఇష్టంతో పోవచ్చు. పరీక్ష చేసి చూడడానికి ఆపితే ఇరవై నాలుగు గంటలకు మించి ఆపకూడదు. ఇష్టం లేకుండా చేర్చుకున్నామంటారా, దానికి వేరే దారి ఉంది. ఇద్దరు వైద్య నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, వాళ్ళలో ఒకరు సైకియాట్రిస్టు అయి ఉండాలి. ముప్పై రోజులు దాటకూడదు. ఏడు రోజుల్లో బోర్డుకు తెలపాలి, ఆడవాళ్ళయితే మూడు రోజుల్లోనే. ముప్పై దాటితే మళ్ళీ కొత్తగా పరీక్షలు, బోర్డు అనుమతి. సంతకానికి ఇష్టం, తాళానికి అయిష్టం అంటూ రెండు పడవల మీద కాళ్ళు పెడతామంటే కుదరదు.

ఇక్కడ ముందు వరసలో కూర్చున్న అక్కలు కొందరు మొహం తిప్పుకుంటున్నారు. నాకు తెలుసు. మొన్న ఒక చెల్లెలు నన్ను నిలబెట్టి అడిగింది: "అన్నా, వాడు నన్ను తన్నినప్పుడు ఏ సెక్షను వచ్చింది? ఆ ఆరు నెలలే గదా నేను కంటినిండా నిద్రపోయింది?" ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోను. ఆమె నిద్ర కూడా హక్కే. దానికి 2005 గృహహింస చట్టం ఉంది, సంఘం ఉంది, కావాలంటే మేమొచ్చి ఆ ఇంటిముందు కూర్చుంటాం. కానీ ఆమెను కొట్టినందుకు వాణ్ణి ఇంకెవడో మెట్ల కింద కొడితే ఆమెకు ఒరిగేదేముంది? దెబ్బలు తిని తిరిగొచ్చినవాడు ఆ లెక్క ఎవరి దగ్గర తేలుస్తాడో ఆమెకే ఎక్కువ తెలుసు.

నియమాలే వద్దని నేను అనడం లేదు. మందు లోపలికి రాకూడదు, వేళకు లేవాలి, వేళకు తినాలి, మందులు మింగాలి. మొదటివారం ఇంకా కట్టుదిట్టం ఉండాలి. ఏళ్ళ తరబడి తాగినవాడు ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతి తప్పి లేనివి కనపడవచ్చు, ప్రాణమే పోవచ్చు. అందుకే డాక్టరు కావాలి, మందులు కావాలి, బీ-1 విటమిన్ ఇవ్వాలి. గది తాళం వేసి అరుపులు విననట్టుండే సెంటర్లో ఇదేదీ ఉండదు. మన ఊళ్ళో కూడా పట్టుదలకు పోయి ఇంట్లో కట్టేసి మాన్పించాలని చూడకండి.

బయటి దేశాల్లో ఏం జరిగిందో కొంచెం చెబుతాను. అమెరికాలో 1958లో సినానన్ అని ఒకటి మొదలైంది. గుండ్లు కొట్టడం, గుంపుగా కూర్చోబెట్టి ఒకణ్ణి తిట్టడం అక్కడ వైద్యమని చెలామణి అయింది. చివరికి అది ఒక మఠంలాగా తయారై 1991లో మూతపడింది. దానికి ఎదురుగా ఇంకో కథ. 1970 నవంబరులో న్యూయార్కు బ్రాంక్స్‌లో, నల్లవాళ్ళు, పోర్టోరికో పేదలు బతికే చోట, యంగ్ లార్డ్స్ అనే సంఘం, బ్లాక్ పాంథర్లు, మత్తు మానేసినవాళ్ళు కలిసి లింకన్ ఆసుపత్రిలో కొంత భాగం ఆక్రమించి అక్కడే మత్తు మాన్పించే కేంద్రం పెట్టించారు. మందుతోపాటు రాజకీయ పాఠం కూడా చెప్పారు, ఈ మత్తు మన వీధికే ఎందుకు వస్తోందని. 1978లో నగర పాలకులు పోలీసుల్ని పెట్టి దాన్ని అక్కడి నుంచి ఖాళీ చేయించారు. ఆ పాంథర్ల పేరు చూసే 1972లో బొంబాయిలో మనవాళ్ళు దళిత్ పాంథర్స్ పెట్టుకున్నారు.

మూడోది 1975, మేరీల్యాండ్ రాష్ట్రం. సర్కారు నడిపే ఇల్లు మూసేస్తామంటే అందులో ఉన్నవాళ్ళే దాన్ని అద్దెకు తీసుకుని ఆక్స్‌ఫర్డ్ హౌస్ అని నడుపుకున్నారు. పాత ఇంట్లో ఆరు నెలలకు బయటికి పొమ్మనే నియమం ఉండేది. పోయినవాళ్ళు చాలామంది మళ్ళీ తాగారు. అందుకని ఆ నియమం తీసేశారు. కొత్తవాణ్ణి చేర్చుకోవాలంటే ఉన్నవాళ్ళలో నూటికి ఎనభై మంది ఒప్పుకోవాలి. పెత్తనం ఎవరిదైనా ఆరు నెలలే. తాగితే మాత్రం బయటికే, అందులో మొహమాటం లేదు. చూశారా, తమ నియమం తాము రాసుకున్నవాళ్ళు మెత్తటి నియమం రాసుకోలేదు.

మనవాళ్ళ కాగితం సంగతి. జవాబు రాలేదు. వాడి తల్లి ఆదివారం చూడను పోయినప్పుడు చీరకొంగున దాని నకలు తెచ్చింది. సంఘం తరఫున మేం నలుగురం పోయి మాట్లాడాం. మొదట కాఫీ ఇచ్చారు, తర్వాత కేకలేశారు. బోర్డుకు పంపాం. నెలన్నర తర్వాత గుండు ఆగింది. మరుగుదొడ్ల చీటీలో కాంట్రాక్టరుగారబ్బాయి పేరు కూడా వచ్చింది. రెండు రోజులు ముక్కు మూసుకుని కడిగాడంట, మూడోరోజు నుంచి యాజమాన్యం ఒక మనిషిని జీతానికి పెట్టింది. ఆ మనిషి కూడా మన కాలనీ మనిషే, అది మీకు చెప్పకుండా దాచను. ఫోను పది రోజులకొకసారి అయింది, స్పీకరు మాత్రం పోలేదు. మెట్ల కింద గదిలో సామాన్లు వేశారు. అవసరమైతే సామాన్లు తియ్యడానికి ఎంతసేపు? డాక్టరు సంగతి అట్టాగే ఉంది. కాగితం రాసిన రెడ్డి కుర్రాణ్ణి వాళ్ళ నాన్న వచ్చి తీసుకుపోయాడు. మనవాడు మూడోనెలలో బయటికొచ్చి పనికి పోతున్నాడు. మధ్యలో రెండుసార్లు తాగాడు. మళ్ళీ మానాడు.

ఇప్పుడు పని చెబుతాను. మీ ఇంట్లోగానీ మీ వాడలోగానీ ఎవరైనా సెంటర్లో ఉంటే చేర్చిన తేదీ, కట్టిన డబ్బు రసీదు, సంతకం పెట్టించుకున్న కాగితం నకలు తెచ్చుకోండి. నకలు ఇవ్వమంటే అడిగినట్టు రాసిపెట్టుకోండి. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా వకీలును ఉచితంగా ఇవ్వాలి, ఫోను 15100. మత్తు మానాలనుకునేవాళ్ళు సలహాకు 14446కు చెయ్యొచ్చు. కులం పేరుతో తిడితే, పాకీపని చేయిస్తే 1989 అత్యాచార నిరోధక చట్టం ఉండనే ఉంది, దానికి వేరే కాగితం రాయాలి, రెండూ కలపొద్దు.

చట్టంలోని ఆ సెక్షన్లు తెలుగులో రాసి యాభై నకళ్ళు తీయించాను. వెనక బల్ల మీదున్నాయి. అన్నాలు అయ్యాక మన వాళ్ళెవరైనా లోపల ఉన్నవాళ్ళు, సిగ్గుపడకుండా నన్ను వేపచెట్టు కింద కలవండి. ఆడవాళ్ళు మాట్లాడుకోవడానికి మా హెల్తు వర్కరక్క పక్క గదిలో ఉంటుంది.

జై భీమ్.