పాత డీజిలు బండి: ఇంటివద్ద సంరక్షణ

(రాయదుర్గములో జరిగిన రైతు శిక్షణ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



సేద్యశాస్త్రము బోధించువాడు విత్తనము, ఎరువు, కలుపు గురించి చెప్పవలసినది మాని బండి గురించి చెప్పుటకు లేచినాడేమని మీకు తోచవచ్చును. ఒక్క సంగతి ఆలోచించండి. మన అనంతపురము జిల్లాలో ఏడాదికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదియైనను మనము కోరిన వేళకు రాదు. వచ్చినప్పుడు మన ఎర్రనేలలలో విత్తుటకు తగిన పదును కొద్ది దినములకు మించి నిలువదు. ఆ కొద్ది దినములలోనే విత్తనము, ఎరువు, మనుషులు చేనికి చేరవలెను. ఆనాడు బండి మొరాయించినచో పోవునది ఒకనాటి బాడుగ కాదు, పదును పోవును. అట్లే కోసిన టమాట బుట్టలు నడిదారిలో ఎండకు నిలిచిపోయినచో ఆ నష్టము తీర్చువారు లేరు. కనుక పికప్పు బండి కూడ సేద్యపు పనిముట్టే. నాగలి కర్రు సాన పెట్టించు రైతు బండి ఫిల్టరు సంగతి ఎరుగకుండ ఉండరాదు.

మన పల్లెలలో పది, పదిహేనేండ్లు నడచిన టాటా 207, టాటా ఏస్, బొలెరో పికప్పు బండ్లు అనేకము కనబడును. క్రొత్త బండి కొనుటకు అందరికి శక్తి చాలదు. చాలినను, అప్పు తెచ్చి కొనుటకంటె ఉన్నదానిని సరిగా చూచుకొనుట అనేకులకు మేలు. మన పెద్దలు ఎద్దుల బండి ఇరుసుకు ఆముదములో గడ్డిమసి కలిపి కందెన వేసెడివారు. కందెన వేయని బండికి కావలసినంత సంగీతమని సామెత కూడ చెప్పినారు. డీజిలు బండికి ఆ సామెత మరింత తగును.

దుమ్ము – మొదటి శత్రువు

డీజిలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించు ప్లగ్గు ఉండదు. లోనికి పీల్చిన గాలిని పిస్టను గట్టిగా నొక్కును. నొక్కబడిన గాలి మిక్కిలి వేడెక్కును. ఆ వేడిగాలిలోనికి నాజిలు డీజిలును తుంపరగా చిమ్మగనే అది మండును. ఒక లీటరు డీజిలు మండుటకు కనీసము 10,000 లీటర్ల గాలి కావలెను. పది లీటర్లు కాల్చినచో లక్ష లీటర్ల గాలి ఇంజనులోనికి పోయినదన్నమాట. బొమ్మనహాళ్, కణేకల్లు ప్రాంతములో వేదవతి నది, దానినే మనము హగరి అందుము, దాని ఒడ్డున ఇసుక దిబ్బలున్నవి. గాలికాలములో ఆ ఇసుక ఎంత దూరము లేచునో మీకు తెలియనిది కాదు. ఆ ఇసుక ఒక చిటికెడు లోనికి పోయినను పిస్టను రింగులను, సిలిండరు గోడను ఆకురాయివలె అరగదీయును.

ఒక గ్రామములో నేను చూచిన సంగతి చెప్పెదను. ఒక రైతు కాగితపు ఎయిర్ ఫిల్టరును ప్రతి నెల డీజిలులో కడిగి ఆరబెట్టి మరల బిగించుచుండెను. తన మట్టుకు తాను శ్రద్ధగా చేయుచున్నాననియే అతని నమ్మకము. కాగితము మెత్తబడి మడతవద్ద చినిగినది. చిరుగు వ్రేలెడంత కూడ లేదు. కాని వేరుసెనగ కోతలు ముగియులోపల ఇంజను నీలిపొగ వదలసాగినది. చివరకు ఇంజను విప్పి బోరు చేయించవలసి వచ్చినది. శ్రద్ధ ఉన్నది, పద్ధతి తెలియలేదు. అందుచేతనే ఈ ప్రసంగము.

కాగితపు ఫిల్టరును నీటితోగాని డీజిలుతోగాని కడుగరాదు. నేలపై మెల్లగా తట్టి దుమ్ము రాల్చవలెను. గాలి పట్టవలసివస్తే తక్కువ ఒత్తిడితో లోపలినుండి బయటకు పట్టవలెను. బయటనుండి పట్టినచో దుమ్ము కాగితములో ఇంకను లోతుగా దిగును. పిదప చీకటి గదిలో ఫిల్టరు లోపల చిన్న దీపము పెట్టి చూడండి. ఎక్కడనైనను వెలుతురు చుక్కగా కనబడినచో అది పనికిరాదు. రబ్బరు అంచు పగిలినను మార్చవలెను. ఫిల్టరునుండి ఇంజనుకు పోవు రబ్బరు గొట్టము, దాని క్లిప్పులు కూడ చూడండి. అక్కడ సందు ఉన్నచో మంచి ఫిల్టరు ఉండియు వ్యర్థమే.

ఇంజను నూనె

ప్రొద్దున బండి కదలకముందు, చదునైన తావున నిలిపి, నూనె పుల్ల తీసి తుడిచి మరల ముంచి చూడండి. నూనె రెండు గుర్తుల నడుమ ఉండవలెను. డీజిలు ఇంజనులో నూనె కొద్దికాలములోనే నల్లబడును. అది మసిని పట్టి ఉంచుచున్నదని అర్థము, దానికి భయపడనక్కరలేదు. కాని నూనె పాలు కలిపినట్లు తెల్లబడినచో నీరు కలిసినది. పోయకనే మట్టము పెరిగినచో డీజిలుగాని, నీరుగాని లోనికి దిగుచున్నది. ఈ రెండు గుర్తులలో ఏది కనబడినను బండి నడుపరాదు.

నూనె మార్పు, నూనె రకము బండితో వచ్చిన పుస్తకములో చెప్పినట్లు చేయండి. దుమ్ము దారులలో, కొద్ది దూరములే తిరుగు బండికి అంతకు ముందుగానే మార్చుట మంచిది. నూనెతోబాటు దాని ఫిల్టరును కూడ మార్చవలెను. తీసిన పాతనూనెను బావిగట్టునగాని, చేలోగాని పారబోయవద్దు. డబ్బాలో పట్టి పాతనూనె కొనువారికి ఇవ్వండి.

డీజిలు, నీరు, గాలి

డీజిలులో చేరు నీరు పంపుకు, నాజిళ్లకు చేటు. ఫిల్టరు అడుగున ఉండు మరను వారమునకొకసారి వదులుచేసి నీరు, మడ్డి పోవువరకు వదలి బిగించండి. డ్రమ్ములో డీజిలు నిలువచేయువారు దానిని కదలనీయక, అడుగుభాగము విడిచి పైనుండి తోడుకొనవలెను.

పాత తరహా పంపు గల బండిలో ఫిల్టరు మార్చినప్పుడు గొట్టములలో గాలి చేరి ఇంజను పట్టుకొనదు. అప్పుడు ఫిల్టరుమీది గాలి మరను వదులుచేసి చేతిపంపు కొట్టవలెను. బుడగలు ఆగి డీజిలు ధారగా వచ్చినప్పుడు బిగించవలెను. ఇంతమట్టుకు ఎవరైనను చేయవచ్చును. తరువాత వచ్చిన కామన్ రైలు బండ్ల సంగతి వేరు. వాటి గొట్టములలో ఒత్తిడి 1,000 బారులకు మించవచ్చును. ఇంజను నడుచుచుండగా ఆ గొట్టములను ముట్టవద్దు, కారుచోట వ్రేలు పెట్టవద్దు. ఆ ధార చర్మమును చీల్చి లోనికి దూరును. గాయము సూది పోటంత కనబడినను అదే గడియలో ఆసుపత్రికి పోవలెను. ఆలస్యమైనచో చేయి పోగొట్టుకొనవలసి రావచ్చును.

ఇక్కడ వేరుసెనగ రైతులకు ఒక ముచ్చట. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిలు ఇంజనును వేరుసెనగ నూనెతో నడిపి చూపినారు. ఆ మాట విని గానుగ నూనెను ట్యాంకులో పోయకండి. ఆ నూనె చిక్కనిది. నాజిళ్లవద్ద బొగ్గుగా పేరుకొనును, రింగులు అతుక్కొనిపోవును. కిరోసిను కలుపుటయు తప్పే. డీజిలులోని జిడ్డే పంపునకు కందెన, కిరోసినులో అది చాలదు.

ఎండకాలము – రేడియేటరు

మన బోరునీటిలో ఉప్పులు హెచ్చు. నీళ్లు కాచు కాగులో తెల్లగా గార పట్టుట మీరు చూచుచునే యున్నారు. అదే గార రేడియేటరు గొట్టములలోను పట్టును. కావున బోరునీరు పోయక, కూలెంటును శుద్ధజలముతో డబ్బామీద చెప్పిన పాళ్లలో కలిపి పోయవలెను. కూలెంటు విషము. తియ్యగా ఉండుటచే కుక్కలు, దూడలు నాకును. పాతదానిని బయట వదలవద్దు. రేడియేటరు రెక్కలలో చేరిన దుమ్మును, పొట్టును ఇంజనువైపునుండి బయటకు మెల్లగా నీరు కొట్టి కడుగవలెను. ఇంజను వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు మూత తీయరాదు.

బండి వేడెక్కుచున్నదని కొందరు థర్మోస్టాటును తీసి పారవేయుదురు. ఇది మేలు చేయదు. దానివలన ఇంజను తగిన వేడికి రాదు, డీజిలు ఎక్కువ కాలును, సిలిండరు త్వరగా అరుగును. వేడికి అసలు కారణము గార, ఫ్యాను బెల్టు, నీటిపంపులలో ఎక్కడ ఉన్నదో వెదకవలెను.

పొగ చెప్పు మాట

నల్లపొగ వచ్చినచో గాలి చాలలేదు, లేక డీజిలు హెచ్చుగా పడుచున్నది. మొదట ఎయిర్ ఫిల్టరు చూడండి. నీలిపొగ వచ్చినచో ఇంజను నూనె కాలుచున్నది. చలి ప్రొద్దున కొంతసేపు తెల్లపొగ సహజము. అది ఆగక, రేడియేటరులో నీరు తగ్గుచున్నచో హెడ్ గ్యాస్కెట్టు చూపించవలెను. నాజిళ్ల పరీక్ష, పంపు సర్దుబాటు ఇంటి పనులు కావు. వాటికి తగిన యంత్రములున్న చోటికే తీసికొనిపోండి.

ఏ మార్పు మేలు, ఏది కీడు

కమానుకు అదనపు పట్టీ వేసినచో బండి ఎక్కువ మోయునని పలువురి తలంపు. పట్టీ మోయును గాని బ్రేకులు, ఇరుసు, టైర్లు పాతవే గదా. దిగుడులో ఆ బరువును ఆపవలసినది బ్రేకులే. అంతేగాక 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము రిజిస్ట్రేషనులో నమోదైన వివరములకు భిన్నముగా బండిని మార్చరాదు.

మేలు చేయు మార్పులు చిన్నవి, చౌకయైనవి. పాతబండిలో ముందు దీపములు మినుకుమినుకుమనుటకు తరచు కారణము సన్నని, పాతబడిన తీగలు. రెండు దీపములకు కలిపి సుమారు 10 ఆంపియర్ల కరెంటు స్విచ్చిగుండా పోవును. మంచి తీగ, రిలే, ఫ్యూజు వేయించినచో అవే బల్బులు బాగుగా వెలుగును. పెద్ద బల్బులు వేసినచో హోల్డరు కరగును, ఎదుటివారికి కన్ను కనబడదు. వెనుక, ప్రక్కల మెరియు పట్టీలు అంటించండి. వేడి, నూనె ఒత్తిడి చూపు మీటర్లు పనిచేయునట్లు చూచుకొనండి. గ్రీజు గన్ను ఒకటి కొని, కమాను, స్టీరింగు, ప్రొపెల్లరు షాఫ్టు నిప్పిళ్లకు క్రమముగా గ్రీజు ఎక్కించండి.

ప్రాణము ముఖ్యము

బండిని జాకీమీద లేపి క్రింద దూరకండి. జాకీ లేపుటకే గాని మోయుటకు కాదు. చదునైన గట్టినేలపై నిలిపి, చక్రములకు అడ్డులు పెట్టి, ఉక్కు స్టాండులపై దించిన తరువాతనే క్రిందికి పోవలెను. ఇటుకలు, రాళ్లు పేర్చి నమ్మకండి. ఇటుక చెప్పి పగులదు. మూసిన కొట్టములో ఇంజను నడుపరాదు. ఆ పొగ మనిషిని తెలియకుండనే చంపును. బ్యాటరీ విప్పునప్పుడు మొదట నెగటివు తీగ తీయండి. బ్యాటరీ దగ్గర బీడీ వెలిగించకండి. ఇంట్లో పిల్లలుండగా పనిచేయునప్పుడు బండి తాళము చెవి మీ జేబులో ఉంచుకొనండి.

లెక్క పుస్తకము

ఒక చిన్న పుస్తకము బండిలో పెట్టండి. ట్యాంకు నిండా పోసిననాటి కిలోమీటర్లు వ్రాయండి. మరల నిండా పోసిననాడు ఎన్ని లీటర్లు పట్టినదో వ్రాయండి. ఉదాహరణకు 300 కిలోమీటర్లకు 25 లీటర్లు పట్టినచో లీటరుకు 12 కిలోమీటర్లు. అదే బరువుకు, అదే దారిలో ఇది 10కి దిగినచో బండిలో ఏదో లోపమున్నది. రోగము ముదరకముందే పుస్తకము చెప్పును. నూనె, ఫిల్టర్లు మార్చిన తేదీలు, ఖర్చులు కూడ అందులోనే వ్రాయండి. ఎనిమిదేండ్లు దాటిన రవాణా బండికి ఫిట్‌నెస్ పత్రము ఏటేటా పొందవలెను. 15 ఏండ్లు దాటిన బండ్లకు 2022 ఏప్రిల్ నుండి ఆ రుసుము హెచ్చినది. ఈ ఖర్చులన్నియు ఒకచోట చూచినప్పుడే బండిని ఉంచుకొనుటయా, అమ్ముటయా మీరు నిదానముగా తేల్చుకొనగలరు. ఒక్కొక్కప్పుడు అమ్ముటయే సరియైన లెక్క. ఛాసిస్ తుప్పుపట్టి పగిలిన బండిపై ఎంత ఖర్చుపెట్టినను దండుగ.

సోదరులారా, వాన మన చేతిలో లేదు. ధర మన చేతిలో లేదు. వాన వచ్చిననాడు బండి సిద్ధముగా ఉండుట మాత్రము చాలవరకు మన చేతిలోనే ఉన్నది. ఎండకాలములో, చేని పనులు తక్కువగా ఉన్నప్పుడే, ఒక దినము ఈ పనికి కేటాయించండి. నేడు ఇంటికి పోయినంతనే ఎయిర్ ఫిల్టరు తీసి, లోపల దీపము పెట్టి చూడండి. వెలుతురు చుక్క కనబడినచో రేపు ఉదయమే మార్చండి.