అందని చోట పెడితే అలవాటే పోతుంది: షెల్ఫ్ సర్దుదాం రండి

ఈ రోజు టాపిక్ ఇంట్లో షెల్ఫ్ సర్దడం. పుస్తకాలు, కుట్టు సామాను, పిల్లల క్రేయాన్లు, రంగు కాగితాలు, ఫెవికాల్ డబ్బా... ఏది ఎక్కడ పెట్టాలి?

మన ఇళ్ళల్లో చూడండి. హాల్లో షోకేస్ నిండా బొమ్మలు, షీల్డులు ఉంటాయి. చేత్తో పని చేసుకునే సామాను మాత్రం మూటకట్టి అటక ఎక్కించేస్తాం. నా పాయింట్ ఒక్కటే. స్టూల్ వేసుకుని తీయాల్సి వస్తే ఆ పని మెల్లగా మానేస్తాం. "అమ్మకి ఈ మధ్య ఓపిక లేదు, కుట్టడం మానేసింది" అంటాం కదా. ఒక్కసారి ఆవిడ దారాల డబ్బా ఎక్కడుందో చూడండి.

కోడింగ్ చేసేవాళ్ళకి క్యాష్ మెమరీ తెలుసు. డబ్బుల క్యాష్ కాదండోయ్! మాటిమాటికీ కావాల్సిన డేటా ప్రాసెసర్‌కి దగ్గరగా ఉంటుంది, ఎప్పుడో కావాల్సింది దూరంగా ఉంటుంది. లైబ్రరీలకైతే రంగనాథన్ గారు 1931లోనే ఐదు సూత్రాలు పుస్తకంగా తెచ్చారు. అందులో నాలుగోది పాఠకుడి టైం వృథా కాకుండా చూడటం గురించే. ఇంటికీ అదే లాజిక్.

సరే, పనిలోకి వద్దాం.

కింది అరలు పిల్లలవి. కథల పుస్తకాలు అట్ట బొమ్మ కనపడేలా నిలబెట్టండి. చదవడం రాని పిల్లలు బొమ్మని బట్టే గుర్తుపడతారు. పక్కనే క్రేయాన్లు, కాగితాలు. డిక్షనరీల లాంటి బరువు పుస్తకాలు కూడా కిందే.

నడుము నుంచి కళ్ళ ఎత్తు దాకా పెద్దవాళ్ళవి. చదువుతున్న నవల, అమ్మ దారాలు, గుండీలు, లేసులు ఇక్కడ. కత్తెర, సూదులు, బ్లేడ్లు మాత్రం ఇంకో అర పైన మూత గట్టిగా ఉన్న డబ్బాలో. పెద్దవాళ్ళకి అందాలి, పిల్లలకి అందకూడదు.

అన్నిటికన్నా పైన ఏడాదికోసారి తీసేవి. సంక్రాంతి ముగ్గు రంగులు, బొమ్మల కొలువు బొమ్మలు.

కొత్త డబ్బాలు కొనక్కర్లేదు. బిర్యానీ పార్సిల్ వచ్చిన డబ్బాలు కడిగి ఆరబెడితే చాలు, లోపల ఏముందో బయటికే కనిపిస్తుంది. పేరు రాసి అంటించండి. పిల్లల డబ్బాలకి బొమ్మ గీయండి, లేదా వాళ్ళతోనే గీయించండి.

మూడు జాగ్రత్తలు. ఒకటి, ఎత్తైన ర్యాక్‌ని స్క్రూలతో గోడకి బిగించండి. పిల్లలు దాన్ని నిచ్చెనలా ఎక్కుతారు, మీద పడిందంటే ప్రాణం మీదకి వస్తుంది. రెండు, పుస్తకాల మధ్య కలరా ఉండలు వద్దు. పిల్లలకి పిప్పరమెంట్లలా కనపడతాయి, మింగితే విషం. మూడు, వానాకాలంలో చెమ్మగోడకి పుస్తకాలు ఆనించకండి. రెండు వేళ్ళ సందు వదిలితే గాలి ఆడుతుంది.

ఈ ఆదివారం అరగంట చాలు. ఇంట్లో ఒక్కొక్కరినీ అడగండి: "నీకు కావాల్సి కూడా అందకుండా ఉన్నది ఏంటి?" అమ్మమ్మని, చిన్నవాళ్ళని మర్చిపోవద్దు. ఒక్కొక్కరి కోసం ఒక్క వస్తువు కిందికి దించండి. దాని చోటు కోసం షోకేస్‌లో ఒక షీల్డు పైకి వెళ్ళినా పర్లేదు. ఏం దించారో కామెంట్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను!